తాడు తగిలించే ముందు వేగం అంకెల్లో చెప్పండి

"టో ఎంత వేగంలో కావాలి?" అని అడిగినప్పుడు గ్లైడర్‌లో, అంటే ఇంజిన్ లేని విమానంలో, కూర్చున్నవాళ్లు "మామూలుగానే" అంటే నేను కదలను. మళ్లీ అడుగుతాను. అంకె చెప్పాలి, ఆ అంకె నాట్స్‌లోనా (విమానాల వేగానికి వాడే కొలత) కిలోమీటర్లలోనా చెప్పాలి, అంతకు తగ్గితే తట్టుకోలేని వేగం ఏదో, అంతకు మించితే తట్టుకోలేని వేగం ఏదో కూడా చెప్పాలి. వెనక క్యూలో ఇంకా నాలుగు గ్లైడర్లు ఎదురుచూస్తున్నా సరే.

మాది కడప. ఉద్యోగం ఇంగ్లండులో. అక్కడ ఒక గ్లైడింగ్ క్లబ్బులో వారాంతాల్లో గ్లైడర్ నడుపుతాను, కొన్నాళ్లుగా టగ్ కూడా నడుపుతున్నాను. టగ్ అంటే గ్లైడర్‌ను తాడుతో లాక్కుని పైకి తీసుకుపోయే చిన్న ఇంజిన్ విమానం. అలా లాక్కుపోవడాన్నే టో అంటాం. ఇప్పుడు సెలవుకు ఇంటికి వచ్చాను. మా అన్న కూతురు పైలట్ ట్రైనింగ్‌లో ఉంది, వచ్చే ఏడాది జర్మనీలో కొన్ని వారాలు గ్లైడింగ్ నేర్చుకోవాలని పట్టుదలగా ఉంది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నన్ను ప్రశ్నలతో వదలడం లేదు. వాటిల్లో ఈ ఒక్క విషయానికి నోటితో చెప్పిన జవాబు చాలదనిపించి రాస్తున్నాను.

మన దగ్గర ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో ఉన్నవాళ్లకూ, పుణెలో హడప్‌సర్ గ్లైడింగ్ సెంటర్ చూసినవాళ్లకూ గ్లైడర్ అనగానే వించ్ గుర్తొస్తుంది. నేల మీద ఉన్న యంత్రం పొడవాటి కేబుల్‌ను చుట్టుకుంటుంటే గ్లైడర్ గాలిపటంలా లేస్తుంది. ఏరోటో వేరు. ముందు టగ్, వెనక 50 మీటర్లో 60 మీటర్లో తాడు, దాని చివర గ్లైడర్. రెండూ కలిసి ఎగరాలి. వేగం మాత్రం టగ్ పైలట్ చేతిలోనే ఉంటుంది. గ్లైడర్ పైలట్‌కు ఇంజిన్ లేదు, పెంచుకోలేడు, తగ్గించుకోలేడు. తన విమానానికి ఏ వేగం క్షేమమో అతనికి తెలుసు, ఆ వేగాన్ని పట్టి ఉంచే పని ఇంకొకరిది. చిక్కంతా అక్కడే.

"టగ్ పైలట్లు అనుభవం ఉన్నోళ్లే ఉంటారు కదత్తా, వాళ్లే చూసుకోరా?" అనడిగింది మా పిల్ల.

చూసుకుంటారు, చెబితే. నా టగ్‌కు ఏ వేగం బాగుంటుందో నాకు తెలుసు. వెనకున్న గ్లైడర్‌లో ఈరోజు ఎంత బరువుందో, నీళ్లు నింపారో లేదో నాకు తెలియదు. అద్దంలో చూస్తే అది తెల్లగా, సన్నగా కనిపిస్తుందంతే.

పక్కన కూర్చుని వింటున్న మా అన్న అప్పుడు అందుకున్నాడు. ఆయనకు నాపరాళ్ల లారీలున్నాయి, ఎర్రగుంట్ల వైపు తిరుగుతుంటాయి. "దాంట్లో ఏముంది పాపా, లారీ చెడిపోతే మేము తాడేసి లాక్కొస్తాం కదా. ముందే మాట్లాడుకుంటాం. ఇరవై దాటొద్దు, రెండు హారన్లు కొడితే నిలుపు, దిగుడులో తాడు వదులైతే వెనకోడే బ్రేక్ తొక్కాల. మాట్లాడుకోకుండా తాడు కట్టినోడు ఎవడున్నాడు?" అన్నాడు. అంతే అన్నా, అన్నాను. తేడా ఏమంటే, లారీ నెమ్మదైతే రోడ్డు మీదే ఉంటుంది. గ్లైడర్ నెమ్మదైతే ఎగరలేదు.

ఇక్కడే చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. గ్లైడర్ ఒంటరిగా ఎగురుతున్నప్పుడు 36 నాట్స్‌కు స్టాల్ అవుతుందనుకుందాం. అంటే అంతకు తగ్గితే రెక్కలు బరువు మోయలేవు. మరి టోలో 55 నాట్స్ ఉంటే బోలెడంత మిగులు కదా అనిపిస్తుంది. అనుభవంలో అలా ఉండదు. ఒంటరిగా 50 నాట్స్‌లో చక్కగా మాట వినే గ్లైడర్, టగ్ వెనక 55లో బద్ధకంగా, బరువుగా, చెప్పింది వినకుండా ఉంటుంది. స్టిక్, అంటే చేత్తో విమానాన్ని నడిపే కర్ర, పక్కకు తిప్పితే రెక్క ఆలస్యంగా లేస్తుంది. కొత్తవాళ్లు ఇది తమ చేతకానితనం అనుకుని టెన్షన్ పడతారు. తప్పు వాళ్లది కాదు, గాలిది.

టగ్ రెక్కలు గాలిని కిందికి తోస్తాయి, అలా తోస్తేనే టగ్ పైకి నిలబడుతుంది. దాని రెక్కల కొసల దగ్గర మాత్రం గాలి సుడి తిరిగి, కొసల అవతల పైకి లేస్తుంది. పైపర్ పానీ అనే టగ్ రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకు 11 మీటర్లు. వెనక వచ్చే గ్లైడర్ రెక్కలు 15 మీటర్లు, 18 మీటర్లు, కొన్ని 20 మీటర్లు. అంటే గ్లైడర్ రెక్క నడిమి భాగం కిందికి దిగే గాలిలో ఉంటుంది, కొసలు పైకి లేచే గాలిలో ఉంటాయి. నడిమి భాగం మోయాల్సినంత మోయలేకపోతుంది కాబట్టి పైలట్ ముక్కు ఇంకాస్త పైకెత్తుతాడు. అప్పుడు కొసల దగ్గర గాలి తగిలే కోణం మరీ పెరిగిపోతుంది. స్టాల్ కొసల దగ్గర మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. రెక్కను సరిచేసే ఏలరాన్లు ఉండేదీ అక్కడే. సరిచేయడానికి ఉన్న సాధనమే ముందు బలహీనపడుతుంది. అందుకే పుస్తకంలోని స్టాల్ వేగం మీద ఏదో కొంత కలిపి టో వేగం నిర్ణయించుకోకూడదు. ఆ గ్లైడర్ మాన్యువల్ ఏ టో వేగం చెబుతుందో చూడాలి, దాన్ని బరువును బట్టి సవరించుకోవాలి.

బరువు సంగతి విడిగా చెప్పాలి. పోటీలకు వెళ్లే గ్లైడర్లు రెక్కల్లో నీళ్లు నింపుకుంటాయి, బరువెక్కితే వేగంగా పోవచ్చని. పైలట్‌తో కలిపి 350 కిలోలు ఉండే గ్లైడర్‌లో 175 లీటర్లు పోస్తే 525 కిలోలవుతుంది, ఒకటిన్నర రెట్లు. స్టాల్ వేగం బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 36 నాట్స్ కాస్తా 44 అవుతుంది. పొద్దున ఖాళీగా 58లో హాయిగా లేచిన అదే గ్లైడర్‌కు మధ్యాహ్నం నీళ్లతో 70 దాకా కావాలి. బయటికి మాత్రం అదే గ్లైడర్, అదే పైలట్. టగ్ పైలట్‌కు చెప్పకపోతే పొద్దుటి వేగమే మధ్యాహ్నం కూడా ఇస్తాడు.

అంకె ఎంత ముఖ్యమో, కొలత కూడా అంతే ముఖ్యం. నా లోపల ఈ భయం ఎక్కడ నుంచి వచ్చిందో చెబుతాను. ఒకసారి ఇంకో ఊళ్లో, 20 మీటర్ల రెక్కలున్న రెండు సీట్ల గ్లైడర్‌లో వెనక సీట్లో ఉన్నాను. టగ్ పైలట్‌కు "65 నాట్స్" అని స్పష్టంగా చెప్పాను, ఆయన బొటనవేలు చూపించాడు. లేచాక చూస్తే నా మీటర్‌లో 56, 57 మధ్య ఆడుతోంది. గ్లైడర్ కిందికి జారుతోంది, టగ్ మా ముక్కుకు పైన ఉంది. ముందు సీట్లోని శిష్యుడు స్టిక్ వెనక్కి లాగబోతుంటే నేను పట్టుకుని ఆపాను. రేడియోలో "టగ్, ఇంకా వేగం, పది నాట్స్" అన్నాను. ఆయన మంచి పైలట్, ముక్కును ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా దించాడు, వేగం వచ్చింది, గ్లైడర్ ప్రాణం పోసుకున్నట్టు మాట వినసాగింది. దిగాక వెళ్లి చూస్తే ఆ టగ్ మీటర్‌లో రెండు వలయాలున్నాయి. బయటిది పెద్ద అంకెలతో మైళ్లు, లోపలిది చిన్న అంకెలతో నాట్స్. ఆయన బయటి వలయంలో 65 పట్టుకున్నాడు. గంటకు 65 మైళ్లంటే 56 నాట్స్.

గ్లైడర్లలో జర్మనీవి ఎక్కువ, వాటిలో చాలావాటి మీటర్లు గంటకు కిలోమీటర్లలో ఉంటాయి. బ్రిటన్‌లో నాట్స్. పాత అమెరికన్ టగ్‌లలో మైళ్లు. 60 నాట్స్ అంటే 111 కిలోమీటర్లు, 69 మైళ్లు. మా పిల్లకు ఈ ఒక్క వరస బట్టీ పట్టించాను, ఎందుకంటే జర్మనీలో ఆమెకు చెప్పేది 110, 120 లాంటి అంకెలు, ఇక్కడ ఆమె ట్రైనింగ్ అంతా నాట్స్‌లో.

మీటర్ల మధ్య సొంత తేడాలు కూడా ఉంటాయి. గాలి పీడనాన్ని తీసుకునే రంధ్రాలు ఒక్కో విమానంలో ఒక్కో చోట ఉంటాయి కాబట్టి ఒకే వేగాన్ని టగ్ 65 అంటే గ్లైడర్ 61 అనవచ్చు. దీనికి తేలికైన మార్గం ఒకటుంది. గాలి నెమ్మదిగా ఉన్న రోజు, ఎత్తుకు వెళ్లాక, రేడియోలో ఒకరినొకరు "నీకెంత చూపిస్తోంది?" అని అడిగి, ఆ తేడా రాసి పెట్టుకోవడం. మా టగ్‌లో సీటు ముందర ఒక కార్డు అతికించి ఉంటుంది, ఏ గ్లైడర్‌కు ఎంత అని. కానీ కార్డు ఉందని మాట్లాడటం మానేస్తే నేను ఒప్పుకోను. కార్డుకు నీళ్ల సంగతి తెలియదు.

ఇప్పుడు ఎక్కువ వేగం వైపు. నెమ్మది ప్రమాదం గనక ఎంత వేగమైతే అంత మంచిదనుకునేవాళ్లూ ఉన్నారు. ప్రతి గ్లైడర్‌కూ టోలో దాటకూడని వేగం ఒకటుంది, అది మామూలు గరిష్ఠ వేగం కంటే చాలా తక్కువ. ఉదాహరణకు శిక్షణలో బాగా వాడే ఎ.ఎస్.కె. 21కు మొత్తం మీద దాటకూడనిది గంటకు 280 కిలోమీటర్లు, టోలో 180. అంతకు ముందు తరం చెక్క, బట్ట, స్టీలు గొట్టాల ఎ.ఎస్.కె. 13కు టోలో 140 మాత్రమే, అంటే 76 నాట్స్. ప్లాస్టిక్ గ్లైడర్లను వరుసగా 70లో లాగుతూ అలవాటుపడిన టగ్ పైలట్‌కు దీన్ని లాగేటప్పుడు ఎక్కువ మిగులుండదు. పైగా వేగం ఎక్కువైతే గ్లైడర్ పైకి తేలిపోవాలని చూస్తుంది. కింద కడుపు దగ్గర కొక్కెం ఉన్న గ్లైడర్లలో తాడు లాగుడు ముక్కును ఇంకా పైకెత్తుతుంది. పైలట్ స్టిక్‌ను ముందుకు నొక్కి పట్టుకునే ఉండాలి. ఒక్క క్షణం చూపు పక్కకు తిప్పితే గ్లైడర్ టగ్‌కు పైన ఉంటుంది.

టగ్ నడిపేవాళ్లను నిద్రలో కూడా వెంటాడేది ఇదే. గ్లైడర్ పైకెగిసిపోతే తాడు టగ్ తోకను పైకి లాగేస్తుంది. టగ్ ముక్కు నేలవైపు తిరుగుతుంది. స్టిక్ మొత్తం వెనక్కి లాగినా తోక దిగదు. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది, తాడు వదిలే పిడి దాకా చెయ్యి వెళ్లేలోపే. తక్కువ ఎత్తులో జరిగితే టగ్ పైలట్ బతకడం కష్టం, ఇలా పోయినవాళ్లున్నారు. తాడులో వీక్ లింక్ ఉంటుంది, ఒక హద్దు దాటితే తెగేలా. దాని మీద ఆశ పెట్టుకోకూడదు. తోకను లేపడానికి ఆ హద్దు దాటేంత బలం అక్కర్లేదు.

అందుకే గ్లైడర్ "ఇంకా వేగం" అన్నప్పుడు టగ్ పైలట్ ముక్కును గబుక్కున దించకూడదు. దించితే వెనకవాడు ఉన్నచోట ఉన్నా, టగ్‌కు పైన ఉన్నట్టే అవుతుంది. మెల్లగా, కొద్దికొద్దిగా. అలాగే గ్లైడర్ పైలట్ కిందికి జారుతున్నప్పుడు స్టిక్ లాగి ఎక్కాలని చూడకూడదు. వేగం అడగాలి, రాకపోతే ఎత్తు చూసుకుని వదిలేయాలి. వీటిని కూడా నేల మీదే మాట్లాడుకోవాలి.

"రేడియో పనిచేయకపోతే?" అంది మా పిల్ల.

సైగలున్నాయి. టగ్ రెక్కలు ఊపితే తక్షణం తాడు వదిలేయమని. టగ్ తోకను, అంటే రడ్డర్‌ను అటూ ఇటూ ఆడిస్తే నీ గ్లైడర్‌లో ఏదో సరిగా లేదు, ఎయిర్‌బ్రేకులు (రెక్కల మీద లేచి గ్లైడర్‌ను కిందికి దించే పలకలు) తెరుచుకున్నాయేమో చూసుకో అని. ఈ రెండూ కలగలిపేసుకుని, వదలనక్కర్లేని చోట నేలకు దగ్గరలో తాడు వదిలేసినవాళ్లున్నారు. ఇక గ్లైడర్ నుంచి టగ్‌కు చేసే సైగలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో గ్లైడర్ వెనక నుంచి రెక్కలు ఊపితే వేగం పెంచమని, తోక ఆడిస్తే తగ్గించమని. బ్రిటన్‌లో గ్లైడర్ ఎడమ పక్కకు వెళ్లి రెక్కలు ఊపితే నా వైపు తాడు ఊడటం లేదని. ఒక దేశంలో నేర్చుకుని ఇంకో దేశంలో ఎగిరేవాళ్లు ఎక్కువైపోయిన రోజుల్లో, కొత్త క్లబ్బులో మొదటి టోకు ముందు "మీ దగ్గర ఏ సైగకు ఏ అర్థం?" అని అడగాల్సిందే. సిగ్గుపడే పని కాదిది.

టగ్ వైపు కష్టం కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మే నెలలో మా కడప ఎండ 42 డిగ్రీలకు పోతుంది. పాలకొండల మీద గద్దలు రెక్క ఆడించకుండా గిరగిరా పైకి పోతుంటే చూస్తూ కూర్చోవచ్చు, గ్లైడర్‌కు అంతకంటే మంచి గాలి ఉండదు. టగ్‌కు మాత్రం అది గడ్డు రోజు. ఊరు సముద్రమట్టానికి నూట యాభై మీటర్లు కూడా లేదు, కానీ ఆ ఎండలో గాలి ఎంత పలచబడుతుందంటే, ఇంజిన్‌కూ రెక్కలకూ సుమారు 3,700 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. పరుగు పొడవవుతుంది, ఎక్కుడు మందగిస్తుంది. చెట్లు దగ్గరవుతుంటే ముక్కు పైకెత్తి ఎలాగైనా ఎక్కాలనిపిస్తుంది. ఎత్తితే వేగం పడిపోతుంది, వెనక గ్లైడర్ జారుతుంది, ఇంజిన్‌కు తగిలే గాలి తగ్గి సిలిండర్లు మరీ వేడెక్కుతాయి. మూడు రకాలుగా నష్టమే. టగ్ నేల విడిచాక కాసేపు తక్కువ ఎత్తులోనే పట్టి ఉంచి, ఒప్పుకున్న వేగం వచ్చాకే ఎక్కడం మొదలుపెట్టాలి. దానికి తగిన రన్‌వే లేదనిపిస్తే ఆ టో చేయకూడదు, నీళ్లు పారబోయమనాలి, లేదా ఒక్కరే ఎక్కమనాలి. ఎండగా ఉంది కదా అని మీటర్‌లో కనిపించే వేగానికి మాత్రం ఏమీ కలపనక్కర్లేదు. ఆ మీటర్ గాలి తాకిడినే కొలుస్తుంది, పలచని గాలిలో నిజవేగం దానంతట అదే ఎక్కువగా ఉంటుంది.

మా పిల్లతో ఈ సంభాషణను ఇంట్లో ఆడించి చూశాను. నేను టగ్, ఆమె గ్లైడర్.

"ఎ.ఎస్.కె. 21, ఇద్దరున్నాం. 65 నాట్స్ కావాలి, 60కి తగ్గొద్దు, 75 దాటొద్దు. 2,000 అడుగులు. రేడియో ఉంది."

"65 నాట్స్, 60 నుంచి 75 మధ్య, 2,000 అడుగులు. నాది నాట్స్ మీటరే. ఎడమకు తిరుగుతాను."

ఇంతే. అర నిమిషం కూడా పట్టదు. తిరిగి చెప్పడం ముఖ్యం. కంట్రోల్ టవర్ చెప్పింది పైలట్ తిరిగి చెప్పినట్టే, టగ్ పైలట్ నోటి నుంచి అంకె, కొలత రెండూ వినాలి. బొటనవేలు చూపిస్తే చాలదని ఎందుకన్నానో పైన చెప్పాను.

చివరికి ఆ పిల్ల ఇంకో మాట అడిగింది. "నేను పిల్లదాన్ని, కొత్తగా పోయినదాన్ని. టగ్ పైలట్ పెద్దాయన. అంత నెమ్మదిగా నేను లాగను, నాకు ఇంజిన్ కాలుతుంది అంటాడనుకో. నేనేం చెయ్యాలత్తా?"

ఆయన అనేది నిజమే అయి ఉండవచ్చు. కొన్ని పాత గ్లైడర్లకు దాటకూడని వేగం, బరువైన టగ్‌కు ఇంజిన్ చల్లగా ఉండే వేగం, ఈ రెండూ కలిసే చోటే ఉండదు. అలాంటప్పుడు మధ్యలో ఏదో అంకెకు రాజీ పడకూడదు. తేలికైన టగ్ ఉంటే దానికోసం ఆగు. లేకపోతే వించ్ ఉందేమో అడుగు. అదీ లేకపోతే కొక్కెం నుంచి తాడు తీసేయమను, గ్లైడర్‌ను పక్కకు తోసుకో, వెనకవాళ్లను పోనీ. కాక్‌పిట్‌లో కూర్చున్నది నువ్వయితే, ఆ గ్లైడర్ హద్దులు నువ్వే కాపాడాలి, వయసు ఎంతైనా. లాగనని చెప్పే హక్కు ఆయనకుంది. ఎగరనని చెప్పే హక్కు నీకూ ఉంది.